ఆ గోడల్ని ఆరనివ్వండి

పాత ఇటుక గోడకు సిమెంటు పెట్టకూడదు. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. ఇంగ్లండ్ పల్లెల్లో ఎన్నో మంచి ఇళ్ళ గోడలు ఈ మాట చెప్పేవాళ్ళు లేక దెబ్బతింటున్నాయి. సఫోక్, నార్ఫోక్, ఎసెక్స్ కౌంటీల్లో పాత ఇళ్ళను పరీక్షించి రిపోర్టులు రాయడం నా ఉద్యోగం. కొనబోయే ముందు పిలిచేవాళ్ళు కొందరు, కొనేశాక గోడకు చెమ్మ ఎక్కిందని టెన్షన్‌తో పిలిచేవాళ్ళు కొందరు. ఈమధ్య వాళ్ళలో మనవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. కేంబ్రిడ్జ్‌లోనో ఇప్స్‌విచ్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, ప్రయాణం కాస్త ఎక్కువైనా పర్వాలేదని పొలాల మధ్య రెండు మూడు వందల ఏళ్ళనాటి ఫార్మ్‌హౌస్ కొనుక్కుంటున్నారు. వాళ్ళకు విడివిడిగా చెబుతున్నది ఇక్కడ ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ముందు ఆ ఇంటిని ఎలా చూడాలో చెబుతాను. రోడ్డు మీంచి చూస్తే నీటుగా ఎర్ర ఇటుక ముఖం, మధ్యలో తలుపు, దానికి రెండు వైపులా సమానంగా కిటికీలు. అమ్మే ఏజెంటు ఇచ్చిన కాగితంలో జార్జియన్ ఇల్లు, అంటే 18వ శతాబ్దపు ఇల్లు అని ఉంటుంది. నేను మాత్రం ఎప్పుడూ పెరటి వైపు నుంచే మొదలుపెడతాను. పైకప్పు యాభై డిగ్రీల దాకా నిటారుగా లేచి ఉంటే, ఇప్పుడు పెంకులు ఉన్నా ఒకప్పుడు అక్కడ గడ్డి కప్పు ఉండి ఉంటుంది. తలుపు సరిగ్గా నడిమధ్యన ఉండి పొగగొట్టం మాత్రం కొంచెం పక్కకు జరిగి ఉంటే, పొగగొట్టం పాతది, ముఖం తర్వాత వచ్చింది. పక్క గోడలో ముందు వరసలూ వెనక వరసలూ ఒకదాంట్లోకి ఒకటి కలవకుండా పైనుంచి కిందిదాకా ఒక నిలువు గీత కనబడితే, ఆ గీతకు అటూ ఇటూ ఇంటికి రెండు వయసులు. ఇంకా వెనక్కి వెళితే ఒక్కోసారి ఇటుకే ఉండదు. ఓక్ దుంగల చట్రం, మధ్యలో తడిక, దాని మీద మట్టి మెత్తి సున్నం పూసిన గోడ ఉంటుంది. గోధుమ ధర బాగున్న ఏడాది రైతు చేతిలో మిగిలిన డబ్బు ముందు గోడ వరకే సరిపోయిందన్నమాట.

ఇలా చెక్క ఇంటికి ఇటుక తొడిగిన పద్ధతిని ఎవరైనా వెళ్ళి చూడగలిగిన చోటు ఒకటి ఉంది. స్టాఫర్డ్‌షైర్‌లో, వుల్వర్‌హాంప్టన్ దగ్గర మోజ్లీ ఓల్డ్ హాల్. 1600 ప్రాంతంలో కట్టిన చెక్క చట్రపు ఇల్లు అది. 1651 సెప్టెంబరు 3న వూస్టర్ యుద్ధంలో ఓడిపోయిన రాజు రెండవ చార్లెస్ పారిపోతూ 8వ తేదీ తెల్లవారకముందే ఈ ఇంటికి చేరాడు. ఇంటి యజమాని థామస్ విట్‌గ్రీవ్ దాచిపెడితే, అప్పట్లో నిషేధంలో ఉన్న క్యాథలిక్ ఫాదరీల కోసం ఒక చిన్న గది నేల కింద కట్టిన రహస్యపు అరలో దాక్కున్నాడు. అంత చరిత్ర ఉన్న ఇల్లు తర్వాత కౌలు రైతుల చేతుల్లో పడి పాతబడింది. 1870 ప్రాంతంలో చెక్క చట్రం చుట్టూ ఇటుక గోడ కట్టేశారు. 1962లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చాక కూడా ఆ ఇటుకను అలాగే ఉంచారు. బయట విక్టోరియన్ ఇటుక, లోపల ఎలిజబెత్ కాలపు ఓక్ చెక్క.

అది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. ఇటుక తీసేస్తే అసలు ఇల్లు బయటపడుతుందని వాదించేవాళ్ళు ప్రతి కౌంటీలోనూ ఉన్నారు. కొందరు తీసేశారు కూడా. నూటయాభై ఏళ్ళు వానకు అడ్డుగా నిలబడిన ఇటుకను ఊడబీకితే లోపల దొరికేది చాలాసార్లు మేకులు కొట్టి, కోసి, పుచ్చిపోయి, ఇటుక మీద వాలి నిలబడిన చట్రం. ఎవరో ఒక రైతు తన ఇల్లు ఇంకో రెండు తరాలు నిలవాలని కట్టించిన గోడ అది. ఆ ఇంటి చరిత్రలో దాని వాటా దానికి ఉంది.

అసలు మామూలు రైతు ఇంట్లోకి ఇటుక వచ్చిందే పొగ కోసం. రోమన్లు వెళ్ళిపోయాక బ్రిటన్‌లో ఇటుకల తయారీ కొన్ని వందల ఏళ్ళు ఆగిపోయింది. సఫోక్‌లోని లిటిల్ వెన్‌హామ్ హాల్ 13వ శతాబ్దం చివర్లో కట్టింది. ఇంగ్లండ్‌లో మళ్ళీ ఇటుకతో లేచిన తొలి ఇళ్ళలో అదొకటి. ఆ తర్వాత కూడా చాలాకాలం ఇటుక రాజులకూ బిషప్పులకూ పెద్ద భూస్వాములకే. రైతు ఇంట్లో పొయ్యి హాలు మధ్యలో నేల మీదే ఉండేది. పొగ కప్పులోంచి దానంతటదే పోవాలి. 1577లో ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్ అనే ఊరి చర్చి మతగురువు విలియం హారిసన్, ఊళ్ళో ముసలివాళ్ళు తమ కాలంలో వచ్చిన పెద్ద మార్పుల్లో మొదట చెప్పేది కొత్తగా లేచిన పొగగొట్టాల సంగతేనని రాశాడు. వాళ్ళ చిన్నప్పుడు ఊరికి రెండో మూడో ఉండేవట.

పొగగొట్టం వచ్చాక ఇంటి రూపమే మారిపోయింది. ఇంటి మధ్యలో చిన్న గదంత మందాన ఇటుక దిమ్మె లేచింది. దానికి ఒక వైపు వంటా భోజనాల హాలు, రెండో వైపు పార్లర్, అంటే కూర్చునే గది. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళగానే ఎదురుగా పొగగొట్టం పక్క గోడే ఉంటుంది. నాలుగడుగుల ఇరుకు చోటు, కుడికో ఎడమకో తిరిగి గదిలోకి వెళ్ళాలి, ఆ దిమ్మె వెనకే మెట్లు. చలిగాలి నేరుగా లోపలికి రాదు. పొయ్యి వేడి పీల్చుకున్న ఇటుక రాత్రంతా రెండు గదులకూ వెచ్చదనం ఇస్తుంది. పొయ్యి పక్కన గోడలోనే రొట్టె కాల్చే గుమ్మటం లాంటి ఇటుక పొయ్యి, తేమ తగలకుండా ఉప్పు దాచుకునే చిన్న గూడు. ఉత్తరం వైపు చల్లగా పాలగది. 1662లో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున పన్ను వేశారు, 1689 దాకా వసూలు చేశారు. 1696లో కిటికీల మీద పన్ను వచ్చింది, అది 1851 దాకా పోలేదు. పాలగది, జున్ను గది కిటికీలకు ఆ పన్ను నుంచి మినహాయింపు ఉండేది. అందుకే కొన్ని ఫార్మ్‌హౌసుల్లో ఆ గది మీద 'డెయిరీ' అనో 'చీజ్ రూమ్' అనో రాసిన అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి చెరిపేసి పెయింటు వేయించాలనుకునేవాళ్ళను నేను బతిమాలి ఆపుతాను.

ఇటుక ఎక్కణ్ణుంచో వచ్చేది కాదు. రైల్వేలు, కాలువలు రాకముందు ఇటుకల్ని బండి మీద పది మైళ్ళు తోలినా ఖర్చు మోయలేనంత పెరిగేది. అందుకని ఇంటి పక్క పొలంలోనే మట్టి తవ్వేవారు. శరదృతువులో తవ్వి కుప్ప పోస్తే చలికాలపు మంచు ఆ మట్టిని పొడి చేస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చేత్తో అచ్చులు పోసి, ఆరబెట్టి, అక్కడే బట్టీ పేర్చి కాల్చేవారు. చాలా ఫార్మ్‌హౌసుల దగ్గర బాతులు తిరిగే చిన్న చెరువు ఒకటి ఉంటుందే, వాటిలో కొన్ని ఇటుక మట్టి తవ్విన గోతులే. మట్టిలో ఇనుముంటే ఇటుక ఎర్రగా వస్తుంది. కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల గాల్ట్ బంకమట్టిలో సున్నం శాతం ఎక్కువ కాబట్టి అక్కడి ఇటుక లేత పసుపు. కట్టెల మంటకు దగ్గరగా ఉన్న ఇటుకల తలలు, అంటే పొట్టి చివరలు, నీలంగా, గాజు మెరుపుతో కాలేవి. మేస్త్రీలు వాటిని ఏరి గోడలో చదరాలుగా, గళ్ళుగా పేర్చారు. ట్యూడర్ రాజుల కాలపు, అంటే 16వ శతాబ్దపు ఇటుక పలచన, మందం రెండంగుళాల పైచిలుకు. అప్పుడు ఒక వరస అంతా ఇటుక పొడవు, పై వరస అంతా ఇటుక తల కనబడేలా కట్టేవారు, దాన్ని ఇంగ్లిష్ బాండ్ అంటారు. ఒకే వరసలో పొడవూ తలా ఒకదాని పక్కన ఒకటి వచ్చే ఫ్లెమిష్ బాండ్‌కు లండన్‌లోని 1631 నాటి క్యూ ప్యాలెస్ తొలి ఉదాహరణల్లో ఒకటి. 18వ శతాబ్దానికి ప్రతి రైతూ అదే కావాలన్నాడు.

ఇన్ని రకాల ఇటుకల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: వాటి మధ్య సున్నం. నా వాదన ఇక్కడే ఉంది. యజమానులు ఇటుకను చూసి మురిసిపోతారు, మధ్యలో ఉన్న తెల్ల గీతను ఎవరూ పట్టించుకోరు. గోడ బతికేది మాత్రం ఆ గీత వల్లే.

తూర్పు ఇంగ్లండ్‌లో సుద్దరాయిని 900 డిగ్రీల దాకా కాల్చి, నీళ్ళలో వేసి, ముద్దగా నెలల తరబడి మగ్గబెట్టి, దాదాపు మూడు పాళ్ళ ఇసుకతో కలిపేవారు. మన పాత మండువా ఇళ్ళకు గానుగ తిప్పి డంగు సున్నం ఆడించిన తరం ఇంట్లో ఉంటే, వాళ్ళకు దీని గురించి చెప్పాల్సిన పని ఉండదు. 1591 నాటి చార్మినార్ రాళ్ళను పట్టి ఉంచిందీ సున్నమే. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది, ఎంత గట్టిపడినా ఇటుక కన్నా మెత్తగానే ఉంటుంది. అలా మెత్తగా ఉండటంలోనే దాని పనితనం ఉంది.

తొమ్మిదంగుళాల గోడను తీసుకోండి. ఇటుక పొడవు ఎంతో గోడ మందం అంతే. లోపల ఖాళీ లేదు, ప్లాస్టిక్ పొర లేదు. నవంబరులో రోజుల తరబడి వాన కొడితే బయటి ఇటుక నీళ్ళు పీలుస్తుంది, అది సహజం. వాన ఆగి గాలి వీస్తే ఆ నీరు బయటికి పోవాలి. సున్నానికి ఇటుక కన్నా సన్నని రంధ్రాలు ఎక్కువ, కాబట్టి నీరు ఎక్కువగా సందుల్లోంచే ఆరిపోతుంది. నీళ్ళతో పాటు కదిలే ఉప్పులు కూడా సందు దగ్గరకే వచ్చి అక్కడే స్ఫటికాలు కడతాయి. వాటి ఒత్తిడికి సున్నం పొడి పొడిగా రాలుతుంది, ఇటుక నిలుస్తుంది. యాభై అరవై ఏళ్ళకో ఇంకా ఎక్కువకో ఒకసారి ఆ సందుల్లో కొత్త సున్నం నింపితే చాలు. ఇటుక పోకుండా సున్నం పోయేలా తెలిసే కట్టారు.

ఇప్పుడు అదే సందులో సిమెంటు నింపండి. 1824లో లీడ్స్ మేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఫ్యాక్టరీలకూ రేవులకూ అది గొప్ప మేలు చేసింది, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 20వ శతాబ్దంలో అది ఫార్మ్‌హౌసు గోడ దాకా వచ్చింది. సిమెంటు సందులోంచి నీరు ఆరదు. దానికి మిగిలిన దారి ఇటుక ముఖమే. జనవరిలో ఆ నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఇటుక ముఖం పెచ్చుగా ఊడిపడుతుంది. బట్టీలో గట్టిపడిన పైచర్మం పోయాక లోపలున్నది మెత్తని మట్టి ఇటుక, అది ఇంకా వేగంగా తరుగుతుంది. పదిహేను ఇరవై ఏళ్ళు గడిచాక చూస్తే గోడ మీద సిమెంటు గీతలు గూడులా పైకి నిలబడి ఉంటాయి, వాటి మధ్య ఇటుకలు గుంటలు పడి లోపలికి పోయి ఉంటాయి. మూడు వందల ఏళ్ళ వానకు చెక్కుచెదరని గోడ అది.

ఇంకో సంగతి కూడా ఉంది, పునాది. ఈ ఇళ్ళకు పునాది అంటే నేలలో కొన్ని వరసల ఇటుకలే. కింద బంకమట్టి, ఎండాకాలం ముడుచుకుని వానాకాలం ఉబ్బుతుంది. ఏటా ఇల్లు కాస్త కదులుతూనే ఉంటుంది. సున్నం ఆ కదలికకు లొంగుతుంది, సన్నగా చీలినా వాన నీటిలో కరిగిన సున్నం మళ్ళీ ఆ చీలికలో పేరుకుని మూసేస్తుంది. సిమెంటు లొంగదు. ఒక్కచోట పెద్దగా పగులుతుంది, ఆ పగులులోంచి నీరు లోపలికి పోతుంది, వెనక్కి రావడానికి దారి ఉండదు.

అలాగని ఉన్న సిమెంటునంతా రేపే గ్రైండరు పెట్టి కోసేయమని నేను చెప్పను. గ్రైండరు బ్లేడు ఇటుక అంచుల్ని తినేస్తుంది, ఆ నష్టం ఇక పూడదు. వదులైన చోట ఉలితో తీయండి, గట్టిగా పట్టి ఉన్నచోట కొన్నేళ్ళు ఆగండి. ఇటుక పెచ్చులు ఊడుతున్న గోడ ముందు, బాగున్న గోడ తర్వాత.

చెమ్మ గురించి నన్ను పిలిచిన ఇళ్ళలో ఎక్కువసార్లు ఒకే కథ. గోడ అడుగున మీటరు ఎత్తుదాకా మరకలు, పెచ్చులు. ఎవరో వచ్చి తేమ కొలిచే పరికరం పెట్టి చూసి, గోడకు వరసగా రంధ్రాలు చేసి కెమికల్ ఎక్కించి, లోపల సిమెంటు ప్లాస్టరు వేసి, గ్యారంటీ కాగితం ఇచ్చి వెళ్ళి ఉంటారు. నేను వెళ్ళి చూస్తే బయట పూలమొక్కల కోసం పోసిన మట్టి లోపలి నేల కన్నా ఎత్తుగా ఉంటుంది. చూరు కాలువలో ఆకులు నిండి నీళ్ళు గోడ మీదుగా కారుతుంటాయి. లోపల పామెంట్లు అనే పెద్ద మట్టి పలకల నేల తీసేసి, ప్లాస్టిక్ పరిచి కాంక్రీటు పోసి ఉంటారు. పలకల సందుల్లోంచి ఇల్లంతా నెమ్మదిగా ఆరిపోయే తేమ ఇప్పుడు గోడల వైపు మళ్ళింది. బయట మట్టి తగ్గించి, కాలువ శుభ్రం చేయించి, సిమెంటు ప్లాస్టరు తీయించి ఒక ఎండాకాలం ఆగమంటాను. తడిసిన గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు ఓపిక పట్టడమే అందరికీ కష్టం.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఒత్తిడి కరెంటు బిల్లు. పాత ఇటుక గోడ వేడిని ఆపలేదు, లోపలి నుంచి ఫోమ్ బోర్డులు బిగించండి అని ప్రతి అమ్మకందారూ చెబుతున్నాడు. ఇంగ్లండ్‌లో ఇంటికి ఇచ్చే ఎనర్జీ సర్టిఫికెట్ లెక్కల్లో పాత ఇటుక గోడలోంచి వేడి పోయే రేటును చాలాకాలం 2.1గా (ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అని) పట్టుకున్నారు. నిజమైన గోడల మీద పరికరాలు పెట్టి కొలిచాక అది ఎక్కువ వేశారని తేలి, దాన్ని 1.7కు దించారు. అంటే ఏళ్ళపాటు ఈ ఇళ్ళకు రావలసినదాని కన్నా తక్కువ మార్కులు వచ్చాయి. పైగా తడి గోడ పొడి గోడ కన్నా వేడిని తొందరగా వదులుతుంది, తడి బట్ట కట్టుకుంటే చలి ఎక్కువైనట్టే. గోడను ఆరేలా చేయడమే మొదటి ఇన్సులేషన్. ఆ తర్వాత అటక మీద ఉన్ని పరవండి, కిటికీల గాలి సందులు మూయండి, లోపలి వైపు రెండో అద్దం పెట్టించండి. అప్పటికీ చాలకపోతే గోడకు సున్నంతో కలిపిన హెంప్ మొక్క కాడల పొట్టు పూత లాంటిది, తేమను ఆపనిది వాడండి. చల్లబడిన పాత ఇటుకకూ ఫోమ్ బోర్డుకూ మధ్య చిక్కుకున్న తేమ దూలాల చివర్లను ఎలా పుచ్చబెడుతుందో విప్పి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

చట్టం కాపాడదా అని అడుగుతారు. కాపాడుతుంది, కొంతవరకు. 1700కు ముందు కట్టి అప్పటి రూపం చాలావరకు నిలుపుకున్న ఇల్లు దాదాపు ప్రతిదీ, 1850కి ముందువి చాలావరకు, కాపాడవలసిన కట్టడాల జాతీయ జాబితాలో ఉంటాయి. ఆ జాబితాలో ఇంగ్లండ్ మొత్తానికి నాలుగు లక్షల దాకా నమోదులున్నాయి, వాటిలో తొంభై శాతానికి పైగా గ్రేడ్ 2, అంటే అన్నిటికన్నా కింది తరగతి. అనుమతి లేకుండా ఇంటి స్వరూపం మార్చడం నేరం. కానీ నా అనుభవంలో ముందు కిటికీ మారిస్తే వెంటనే కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తుంది, వెనక గోడ సందుల్లో ఏ మిశ్రమం పోసారో ఎవరూ వచ్చి గీకి చూడరు. గోడ చావు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఆఫీసు కంటికి ఆనదు.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది పన్ను. ఈ ఇళ్ళ మీద పన్నుల ముద్ర ఎప్పుడూ ఉంది. 1784లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీర్చుకోవడానికి వెయ్యి ఇటుకలకు రెండున్నర షిల్లింగుల పన్ను వేశారు. లెస్టర్‌షైర్‌లోని మీషమ్‌లో జోసెఫ్ విల్క్స్ అనే ఆయన రెండింతల సైజు ఇటుకలు తయారుచేశాడు, వాటితో కట్టిన ఇళ్ళు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. ప్రభుత్వం పెద్ద ఇటుకకు పన్ను పెంచింది. 1850లో ఆ పన్ను ఎత్తేశారు. ఇప్పుడున్నది వ్యాట్. ఇంగ్లండ్‌లో కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. పాత ఇల్లు రిపేరు చేయిస్తే ఇరవై శాతం. జాబితాలో ఉన్న ఇళ్ళలో అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు ఉన్న మినహాయింపును కూడా 2012 అక్టోబరులో తీసేశారు. నిలబడి ఉన్న ఇటుకను కాల్చడానికి పెట్టిన కట్టెలూ, దాన్ని మోసిన చేతులూ మూడు వందల ఏళ్ళ కిందటే ఖర్చైపోయాయి. దాన్ని నిలబెట్టుకునేవాడి మీద పన్ను, పక్క పొలంలో కొత్త కాంక్రీటు పోసేవాడికి మినహాయింపు. వాతావరణం గురించి ఇంత మాట్లాడే దేశంలో ఇది తప్పు. సున్నంతో చేసే రిపేరుకైనా ఈ పన్ను తగ్గించాలి. దీని మీద మీ ఎంపీకి రాయండి. ఓటున్న తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు.

కవి, డిజైనర్ విలియం మారిస్, ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టినప్పుడు రాసిన ప్రకటనలో అడిగింది చాలా మామూలు విషయం: కొత్తగా తీర్చిదిద్దడం మానండి, రోజువారీ శ్రద్ధతో పాడవకుండా చూసుకోండి, కారే కప్పు బాగుచేయండి. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది, ఇంటి యజమానులకు సున్నం పని నేర్పే కోర్సులు పెడుతుంది. ఎసెక్స్ సరిహద్దులో సడ్‌బరీ దగ్గర బల్మర్‌లో చేత్తో అచ్చు పోసే ఇటుకల బట్టీ ఇంకా నడుస్తోంది, విరిగిన ట్యూడర్ ఇటుకకు జోడీ దొరుకుతుంది. అంటే ఇదంతా చేయదగిన పనే.

కాబట్టి ఇల్లు కొన్న మొదటి ఏడాది కొత్త వంటగది పెట్టించకండి. వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో చూడండి. చూరు కాలువలు అక్టోబరులోపు శుభ్రం చేయించండి. వంటగది డబ్బుతో అన్నిటికన్నా పాడైన గోడ ఒక్కటి సున్నంతో చేయించండి. ఆ పని మంచు కాలంలో కుదరదు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. ఇటుకను ముందు బాగా తడపాలి, నింపిన సందుల మీద తడి గోనెపట్టాలు వేలాడదీసి రోజుల తరబడి ఎండకూ గాలికీ కాపాడాలి. ఇది తెలిసిన మేస్త్రీలు తక్కువ, వాళ్ళకు ఏడాది ముందే పని కుదిరిపోతుంది. ఇప్పుడే ఫోన్ చేసి మాట్లాడుకోండి. వచ్చినాయన సున్నంలో బలం కోసం కాస్త సిమెంటు కలుపుతానంటే, వద్దని చెప్పి పంపించేయండి.